గన్నవరము విమానాశ్రయము – చుట్టుపట్ల పంచాయతీల బాధ్యత

గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము



మీ గ్రామములమీదుగా ప్రతి దినము విమానములు వచ్చుచున్నవి, పోవుచున్నవి. పొలములో నాటు వేయు కూలీ యిపుడు తల యెత్తి చూచుట లేదు. బడిపిల్లలు మాత్రమే యింకను వ్రేలు చూపుచున్నారు. అలవాటైన వస్తువును గూర్చి ఆలోచించుట మనము మానివేయుదుము. కావుననే నేడు ఈ విషయమును మీ ముందుంచుట అవసరమని మేము తలచితిమి.

మేము మనవి చేయదలచినవి మూడు సంగతులు. ఈ విమానాశ్రయము ఎట్లు పుట్టి పెరిగినది? మన గ్రామస్థులు దానిని వాడుకొనవలెనన్న ఏమేమి తెలిసికొనవలెను? దాని క్షేమము విషయమున మీ పంచాయతీలు చేయదగిన పని యేమి? ఈ మూడవ సంగతియే ముఖ్యమైనది. విమానాశ్రయము చుట్టును ప్రహరీగోడ యున్నది. కాని విమానము గోడ లోపలనే యెగురదు. దాని క్షేమములో సగము గోడ లోపలి ఉద్యోగుల చేతిలో నున్నది. తక్కిన సగము గోడ వెలుపలనున్న పంచాయతీల చేతిలో నున్నది.

పూర్వ చరిత్ర

బెజవాడ యనగానే మన పెద్దలకు కృష్ణానది, ఆనకట్ట, రైలు జంక్షను జ్ఞప్తికి వచ్చెడివి. విమానముల మాట తరువాతి కాలమునకు చెందినది. రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండగా, 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. యుద్ధము తమ గడపకు వచ్చినదని కోస్తా ప్రజలకు ఆనాడు తెలిసివచ్చెను. ఆ యుద్ధకాలముననే గన్నవరమువద్ద సైనికావసరములకై విమానస్థలమును నిర్మించిరి. యుద్ధము ముగిసిన పిమ్మట అది పౌరుల ప్రయాణములకు ఉపయోగపడ నారంభించెను.

దేశములో ఆనాడు విమానములు నడిపిన సంస్థలు పెక్కు ప్రైవేటువి. 1953 ఆగస్టు 1వ తేదీన ఎనిమిది సంస్థల దేశీయ సర్వీసులను జాతీయము చేసి, ఇండియన్ ఎయిర్‌లైన్స్ సంస్థను ఏర్పాటు చేసిరి. హైదరాబాదు కేంద్రముగా 1945లో పుట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఆ యెనిమిదింటిలో నొకటి. అయినను గన్నవరమునకు సర్వీసులు ఎడతెగక నడువలేదు. రైలు చేరువలో నున్నది, టిక్కెట్టు చవుక, సామాన్యునికి విమానముతో పని యేమి యని ఆనాటి తలంపు.

2003 సెప్టెంబరులో ఎయిర్ డెక్కన్ అను సంస్థ హైదరాబాదుకును విజయవాడకును మధ్య దినసరి సర్వీసు ప్రారంభించెను. చిన్న విమానము, తక్కువ ధర అను పద్ధతితో వచ్చిన ఆ సంస్థ నేడు లేదు గాని, మధ్యతరగతి కుటుంబములవారు విమానమెక్కవచ్చునను నమ్మకమును మాత్రము కలిగించి పోయినది.

2014 జూన్ 2వ తేదీన రాష్ట్ర విభజన జరిగినది. శంషాబాదు విమానాశ్రయము తెలంగాణములో నుండిపోయినది. అమరావతి రాజధాని యగుటతో గన్నవరము బాధ్యత ఒక్కసారిగా పెరిగినది. 2017 జనవరిలో క్రొత్త టెర్మినల్ భవనము తెరువబడెను. అదే సంవత్సరము మే నెలలో కేంద్ర మంత్రివర్గము దీనిని అంతర్జాతీయ విమానాశ్రయముగా ప్రకటించుటకు ఆమోదించెను. 2018 డిసెంబరు 4వ తేదీన సింగపూరునకు తొలి అంతర్జాతీయ సర్వీసు బయలుదేరెను. కొలది మాసములకు అది నిలిచిపోయినను, ద్వారము తెరచుకొన్నది. 2020లో కరోనా వ్యాధి ప్రపంచమును స్తంభింపజేసినపుడు, విదేశములలో చిక్కుకొనిన తెలుగువారు పలువురు ఈ గన్నవరముననే దిగి స్వగ్రామములకు చేరిరి. నాడు క్వారంటైన్ ఏర్పాట్లలో పాల్గొనిన పంచాయతీలవారు మీలో నున్నారు. ఆ సేవ మరువరానిది.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరుగగా విజయవాడ నగరము ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి పోయినది, గన్నవరము కృష్ణా జిల్లాలో మిగిలినది. కాబట్టి పేరునకు విజయవాడ విమానాశ్రయమైనను, దాని ఇరుగుపొరుగు మీరే.

రన్‌వే – రైతుల భూమి

విమానము పరుగెత్తు బాటను రన్‌వే యందురు. ఇచటి రన్‌వే తొలుత 2,286 మీటర్ల పొడవుండెడిది. దానిని 3,360 మీటర్లకు పెంచిరి. కిలోమీటరునకు పైగా బాట పొడిగించుట ఎందులకని మీలో కొందరడుగవచ్చును. పెద్ద విమానమునకు బరువెక్కువ; దూరదేశమునకు పోవలెనన్న ఇంధనమును ఎక్కువగా మోయవలెను; బరువు పెరిగినకొలది పరుగు పెరుగును. మన రోహిణీకార్తె యెండ మరియొక కారణము. వేడెక్కిన గాలి పలుచబడును. పలుచని గాలి రెక్కలను చాలినంతగా ఎత్తదు గావున, ఎండకాలమున విమానము మరికొంత దూరము పరుగెత్తిన గాని లేవదు.

ఈ విస్తరణ ఊరక జరుగలేదు. బుద్ధవరము, కేసరపల్లి, అజ్జంపూడి మొదలగు గ్రామముల రైతులు ఇందుకొరకు తమ భూములను వదలుకొనిరి. సుమారు 700 ఎకరములు ఈ పనికి అవసరమైనవి. అమరావతి భూసమీకరణ పద్ధతిని ఇచటి రైతులకును వర్తింపజేసిరి. ఎంత ప్రతిఫలము ముట్టినను, తాతముత్తాతలు దున్నిన మాగాణిని విడుచుట తేలిక కాదు. రన్‌వే మీద విమానము దిగినపుడెల్ల, దాని చక్రముల క్రింద ఒక రైతు కుటుంబపు పొలము ఉన్నదని ప్రయాణికులు తలచుకొనవలెను.

ఈ సందర్భముననే మీ హక్కు నొకదానిని గుర్తుచేయుచున్నాము. 2013 నాటి భూసేకరణ చట్టము క్రింద భూమిని సేకరించునపుడు, సామాజిక ప్రభావ మదింపు విషయమున సంబంధించిన పంచాయతీని సంప్రదించవలెను. ఒకటి కంటె ఎక్కువ పంచాయతీల భూములు పోవుచున్నపుడు, ఏ గ్రామసభకు చెందిన భూమిలో నాల్గవ వంతు కంటె ఎక్కువ సేకరింపబడునో, అచట పునరావాసముపై బహిరంగ విచారణ జరుపవలెను. ఆ విచారణకు ఊరివారందరు వచ్చునట్లు చూచుట, వారి మాటలను వ్రాతలో నమోదు చేయించుట సభ్యుల విధి.

ప్రయాణికులకు సూచనలు

గన్నవరము విమానాశ్రయము విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున, చెన్నై–కలకత్తా జాతీయ రహదారిని ఆనుకొని యున్నది. ఈ రహదారి పూర్వము 5వ నెంబరు. ఇపుడు 16వ నెంబరు. విజయవాడనుండి ఏలూరు పోవు మార్గముననే యుండుటచే బస్సులో వచ్చి దిగవచ్చును.

తొలిసారి విమానమెక్కు గ్రామస్థుడు మిమ్ములనే సలహా యడుగును. అతనికి ఈ సంగతులు చెప్పుడు.

టిక్కెట్టుతోపాటు ఆధారు, ఓటరు కార్డు, పాసుపోర్టు వంటి ఫోటో గుర్తింపు పత్రము అసలుది ఉండవలెను. టిక్కెట్టులోని పేరును, పత్రములోని పేరును సరిపోవలెను. ఇంటిపేరు ఒకచోట ముందును, మరియొకచోట వెనుకను ఉండి చిక్కుపడినవారు కలరు. కావున టిక్కెట్టు కొనునపుడే పత్రమును చూచి వ్రాయించవలెను. దేశములోపలి ప్రయాణమునకు రెండు గంటల ముందుగాను, విదేశ ప్రయాణమునకు మూడు గంటల ముందుగాను చేరుట మేలు. రైలువలె చివరి నిమిషమున పరుగెత్తి యెక్కుటకు వీలు లేదు. పుష్య మాఘ మాసములలో తెల్లవారుజామున పొగమంచు క్రమ్మినచో విమానము ఆలస్యమగుట కద్దు. అది ఎవరి తప్పును కాదు.

సామానులో కొంత తూనిక వేసి అప్పగింతురు. ఒక చిన్న సంచిని చేతితో తీసికొనిపోనిత్తురు. చేతిసంచి సాధారణముగ 7 కిలోలకు మించరాదు. కత్తి, కొడవలి, కత్తెర చేతిసంచిలో నుంచరాదు. అవి అప్పగించు పెట్టెలో వేయవలెను. నూనె తేలు ఆవకాయ, మాగాయ, కారప్పొడి కూడ చేతిసంచిలో అనుమతింపరు. గట్టిగా మూతవేసి పెట్టెలో సర్దుకొనవలెను. ఎండు కొబ్బరికాయను రెంటిలో దేనిలోను పెట్టరాదు. దానిలోని నూనెకు నిప్పంటుకొను స్వభావము కలదు. సెల్‌ఫోనునకు ఛార్జి యెక్కించు పవర్ బ్యాంకు మాత్రము ఇందుకు భిన్నము: దానిని చేతిసంచిలోనే యుంచుకొనవలెను, పెట్టెలో వేయరాదు. అగ్గిపెట్టెను ఇంటివద్దనే వదలి రావలెను.

నడువలేని వృద్ధులకును, వికలాంగులకును చక్రముల కుర్చీ నిత్తురు. టిక్కెట్టు కొనునపుడే ఆ సంగతి తెలుపవలెను. సాగనంపుటకు వచ్చిన బంధువులు టెర్మినల్ వెలుపలనే ఆగవలెను. ఒక్కని సాగనంపుటకు మూడు ఆటోలలో జనము వచ్చుట మన ప్రేమకు గుర్తే గాని, ద్వారమువద్ద వృద్ధులకు, పిల్లలకు దారి లేకుండ చేయును.

ఎత్తు విషయమున జాగ్రత్త

ఇక పంచాయతీల పని. మొదటిది కట్టడముల ఎత్తు.

ఇచటి రన్‌వేకు 08 అనియు, 26 అనియు రెండు చివరల రెండు నెంబర్లున్నవి. ఈ అంకెను పదిచే హెచ్చించినచో దిక్సూచిలోని డిగ్రీలు వచ్చును. 80 డిగ్రీలనగా ఇంచుమించు తూర్పు. 260 డిగ్రీలనగా ఇంచుమించు పడమర. విమానము గాలికి ఎదురుగా దిగును, ఎదురుగా లేచును గావున, గాలిని బట్టి ఏ చివరనైనను వాడుదురు. రన్‌వేకు తూర్పునను, పడమటను ఉన్న గ్రామములమీద విమానములు తక్కువ ఎత్తున పోవుట ఇందువలననే.

దిగు విమానము సాధారణముగ 3 డిగ్రీల వాలులో వచ్చును. నేలను తాకు చోటికి 5 కిలోమీటర్ల దూరమున అది సుమారు 260 మీటర్ల ఎత్తున నుండును. 1 కిలోమీటరు దూరమున కేవలము 52 మీటర్ల ఎత్తున నుండును. బాగుగ ఎదిగిన తాడిచెట్టు 30 మీటర్ల వరకు పెరుగగలదు. దానిపైన విమానమునకు మిగులు ఎడమెంతయో మీరే లెక్కించుకొనుడు. గాలివాన వచ్చినను, ఒక ఇంజను చెడినను పైలటునకు ఆ ఎడమే రక్ష.

అందుచేతనే 2015లో కేంద్రప్రభుత్వము ఎత్తుల నియంత్రణ నియమములను ప్రకటించెను. విమానాశ్రయము చుట్టును 20 కిలోమీటర్ల మేర కట్టడముల ఎత్తు ఈ నియమములకు లోబడి యుండవలెను. భారత విమానాశ్రయముల ప్రాధికార సంస్థ ఇందుకు నిరభ్యంతర పత్రము నిచ్చును. ఆ సంస్థ రంగుల పటమును ప్రకటించిన విమానాశ్రయములచుట్టు, ఎఱ్ఱరంగు భాగమున ప్రతి కట్టడమునకు ఆ సంస్థ పత్రము తప్పనిసరి. తక్కిన రంగుల భాగములలో, చూపిన ఎత్తునకు లోబడినంతవరకు స్థానిక సంస్థలే అనుమతి నీయవచ్చును.

ఇచట తరచుగా పొరపాటు జరుగు చోటు ఒకటి కలదు. పత్రములో వ్రాయు ఎత్తు నేలనుండి కాదు, సముద్రమట్టము నుండి. ఉదాహరణకు, పత్రములో 70 మీటర్లని యుండి, స్థలము సముద్రమట్టమునకు 22 మీటర్ల ఎత్తున నున్నచో, కట్టదగినది 48 మీటర్లే. ఆ 48 మీటర్లలోనే మేడపై నీళ్ల ట్యాంకు, మెట్లగది, పిడుగు కడ్డీ, సెల్ టవరు అన్నియు ఇమిడి యుండవలెను.

ప్లాను మంజూరు చేయునది పంచాయతీ యైనను, సి.ఆర్.డి.ఎ. యైనను, పునాది త్రవ్వక ముందే యజమానికి ఈ మాట చెప్పువారు మీరే. అప్పు చేసి పై అంతస్తు వేసిన పిమ్మట నోటీసు వచ్చినచో నష్టపోవునది ఆ కుటుంబము. ముందు చెప్పిన ఒక్క మాట ఆ నష్టమును తప్పించును. సెల్ టవరునకు స్థలమిచ్చు తీర్మానము సభ ముందుకు వచ్చినపుడు, నిరభ్యంతర పత్రమున్నదా యని తొలుత అడుగుడు.

చెత్త – పక్షులు

రెండవది పరిశుభ్రత. దీనిని సామాన్య విషయముగా నెంచవలదు.

2009 జనవరి 15వ తేదీన అమెరికాలోని న్యూయార్కునుండి లేచిన ఒక విమానము పెద్ద బాతుల గుంపును ఢీకొనగా, రెండు ఇంజన్లును శక్తిని కోల్పోయినవి. పైలటు దానిని హడ్సన్ నదిలో దించెను. అందలి 155 మందియు బ్రతికిరి. అది పైలటు నేర్పు; ప్రతిసారి అట్టి నది దాపున నుండదు.

మన ప్రాంతమున గ్రద్దలు, కాకులు, కొంగలు ఎక్కువ. దుక్కి దున్నునపుడు కొంగలు చేరుట ప్రకృతి ధర్మము. అందుకు రైతును నిందింపరాదు. కాని కోడిమాంసపు దుకాణముల వ్యర్థములు, చేపల పొట్టు, చనిపోయిన పశువుల కళేబరములు కాలువగట్టున పారవేసినపుడు, గ్రద్దలను మనమే పిలిచినట్లగును. 1937 నాటి విమాన నియమములలో 91వ నియమము దీనినే దృష్టిలో నుంచుకొని, విమానాశ్రయ కేంద్రమునకు 10 కిలోమీటర్ల లోపల పక్షులను ఆకర్షించు చెత్తను పడవేయుటను, బహిరంగముగ పశువధను నిషేధించెను. 1934 నాటి విమాన చట్టము స్థానమున 2025 జనవరి 1 నుండి భారతీయ వాయుయాన్ అధినియమము, 2024 అమలులోనికి వచ్చినది. చట్టము పేరు మారినను పక్షి స్వభావము మారలేదు.

పంచాయతీ యేమి చేయవచ్చును? మాంసపు దుకాణమునకు లైసెన్సు నిచ్చునపుడు, మూతగల డబ్బాను ఉంచవలెననియు, వ్యర్థమును ప్రతి దినము అప్పగించవలెననియు షరతు పెట్టవచ్చును. తడిచెత్తను, పొడిచెత్తను వేరుచేయించి, చెత్తనుండి సంపద తయారుచేయు కేంద్రమును నిజముగ నడిపించవచ్చును. కళేబరములను పూడ్చుటకు ఊరికి దూరముగ ఒక స్థలమును నిర్ణయించవచ్చును. వీనివలన విమానమునకు మాత్రమే కాదు, ఊరికిని మేలు: ఈగలు తగ్గును, వీధికుక్కల బెడద తగ్గును, కాలువ నీరు బాగుపడును.

వెలుగులు, పొగ, డ్రోన్లు

మూడవది ఆకాశమునకు సంబంధించినది. పెండ్లి ఊరేగింపులలో లేజరు కిరణములను పైకి విసరుట వేడుకగా మారినది. ఆ కిరణము కంటబడినచో పైలటునకు క్షణకాలము చూపు చెదరును. దిగునపుడు ఆ క్షణమే ప్రాణాంతకము కావచ్చును. ఆకాశదీపములు, సంక్రాంతి గాలిపటములు, కోతల అనంతరము గడ్డి తగులబెట్టగా లేచు పొగ – ఇవి విమానముల దారిలో రాకుండ పెద్దలు చూడవలెను.

పొలములకు మందు చల్లు డ్రోన్లు మన డెల్టాలో పెరుగుచున్నవి. ఇది మంచి మార్పే. అయితే 2021 నాటి డ్రోన్ నియమముల ప్రకారము, నడుచుచున్న విమానాశ్రయపు హద్దుకు 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేనిదే ఏ ఎత్తునను డ్రోను ఎగురవేయరాదు. 8 నుండి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటరాదు. అద్దెకు డ్రోను తెచ్చు రైతునకు ఈ సంగతి తెలియకపోవచ్చును. రైతు సేవా కేంద్రములవంటి చోట్ల జరుగు గ్రామ సమావేశములలో చాటించుట మంచిది.

ఆపద సమయమున

చెప్పుటకు మనస్సు రాకున్నను చెప్పవలసిన మాట యొకటి కలదు. 2020 ఆగస్టు 7వ తేదీ రాత్రి, కేరళములోని కోజికోడు విమానాశ్రయమున విదేశమునుండి వచ్చిన విమానము వానలో రన్‌వే దాటి లోయలో పడెను. 21 మంది మరణించిరి. అది కరోనా కాలము. అయినను చుట్టుపట్ల గ్రామస్థులు వ్యాధి భయమును విడిచి పరుగెత్తుకొని వచ్చి, గాయపడినవారిని తమ సొంత వాహనములలో ఆసుపత్రులకు చేర్చిరి. దేశమంతయు వారిని కొనియాడెను.

అట్టి దినము మనకు రాకూడదని కోరుకొందము. వచ్చినచో సిద్ధముగ నుందము. వెంటనే 112కు ఫోను చేయవలెను. అంబులెన్సులకును, అగ్నిమాపక యంత్రములకును రహదారిని ఖాళీగ నుంచవలెను. వింత చూచుటకు గుమిగూడుట, సెల్‌ఫోనుతో చిత్రములు తీయుట అడ్డంకియే. మనుష్యులను కాపాడుటకు తప్ప శకలములను కదలింపరాదు. కారణమును కనుగొనుటకు అవే ఆధారములు. విమానాశ్రయమువారు జరుపు ఆపత్కాల అభ్యాసములకు మీ సభ్యులను పిలువవలసినదిగా ముందే కోరుడు.

ముగింపు

కావున మీ తదుపరి సమావేశమున నాలుగు పనులకు తీర్మానము చేయవలసినదిగా మేము కోరుచున్నాము. ఎత్తు కట్టడములకును, టవర్లకును నిరభ్యంతర పత్రమును తప్పనిసరి చేయుట. మాంస వ్యర్థములకును, కళేబరములకును ఏర్పాటు చేయుట. లేజరు, డ్రోను నిబంధనలను పంచాయతీ నోటీసు పలకపై తెలుగులో వ్రాయించుట. ఆపద సమయమున ఎవరు ఏ పని చూడవలెనో ముందే నిర్ణయించి, వారి పేర్లను పంచాయతీ కార్యాలయములో నుంచుట. ఇందులో పెద్ద ఖర్చుతో కూడినది ఏదియు లేదు.

మీ ఊరి పొలము నిచ్చి మీరు ఈ విమానాశ్రయమును పెంచితిరి. ఇచట దిగువారిలో గల్ఫులో కూలి చేసి వచ్చు మీ ఊరి కుమారుడును ఉండును, చదువునకు పోయివచ్చు మీ ఊరి కుమార్తెయు ఉండును. వారు సుఖముగ నేల తాకుటలో పైలటుతోపాటు మీకును పాలున్నది. ఆ పాలును మీరు చక్కగ నిర్వర్తింతురని మా దృఢ విశ్వాసము.

జై హింద్.